టిక్కు తీసిన పెద్దమనిషి

ఆర్కే బీచ్‌లో కుర్సురా జలాంతర్గామికి ఎదురుగా కూర్చుని, మురీ మిక్చర్ పొట్లం విప్పిన కాగితం మీదనే మేము మా వెబ్‌సైటు అధికారాలను పంచుకున్నాము. విశాఖ వీధుల పేర్ల వెనుక కథలను ఎవరైనా రాయగలిగే, ఎవరైనా దిద్దగలిగే ఆ సైటు, వికీపీడియాను నడిపే మీడియావికీ సాఫ్ట్‌వేరు మీదనే నడుస్తుంది. అంతవరకు పేజీ తొలగించాలన్నా, అల్లరి చేసేవారిని నిరోధించాలన్నా నేనొక్కడినే దిక్కు కావడంతో, అర్ధరాత్రి ఫోను మోగిందంటే సింహాచలం పేజీలో ఎవరో అప్పుల ప్రకటన అతికించారన్న కబురే అయి ఉండేది.

నిర్వాహకుడు పేజీలను తొలగించగలడు, వాటికి తాళం వేయగలడు, మనుషులను నిరోధించగలడు; మరొకరిని నిర్వాహకుడిని చేయాలంటే మాత్రం ఆ పైనున్న అధికారి హోదా కావాలి. ఆంగ్ల వికీపీడియాలో నిర్వాహకుల గుర్తు కిరీటం కాదని, తుడుపుకర్ర అని కూడా వివరించాను. రిటైరైన తెలుగు మాస్టారు అంతా విని, "తొలగించే బటన్ ఈ రాత్రికే వచ్చేస్తుందాండీ?" అని అడిగారు. రైల్వేలో పనిచేసి రిటైరైన మేడమ్‌గారు తనకు నిరోధించే బటన్ ఒక్కటి చాలునన్నారు. చెత్త ప్రకటనలు ఏరే పనికి ఎవరూ ముందుకు రాకపోవడంతో, ఆ రోజు రాని డిగ్రీ కుర్రవాడికి దానిని ఏకగ్రీవంగా కేటాయించాము. బటన్లేవీ ఇవ్వలేదు.

ఇంటికి వచ్చి, సైటులో హోదాలిచ్చే పేజీ తెరిచి, ఇద్దరి పేర్ల ఎదుట నిర్వాహకుడి టిక్కులు పెట్టాను. అక్కడితో ఆగవలసింది. పంచిపెట్టినవాడు తన దగ్గర ఏదీ ఉంచుకోకూడదన్న పెద్దరికం ఆవహించి, నా పేరు ఎదుట ఉన్న నిర్వాహకుడు, అధికారి టిక్కులు రెండింటినీ తీసివేసి, ఆ మార్పును భద్రపరిచాను. ఆస్తంతా పిల్లల పేర రాసి వరండాలో మంచం వేసుకున్న పెద్దమనిషిలా హాయిగా నిద్రపోయాను. పోయిన హోదా తిరిగి రావాలంటే ఆ హోదా ఉన్నవారే ఇవ్వాలి; వికీపీడియాలోనైతే పైన హోదాలివ్వగల స్టీవార్డులుంటారు, మాకు పైన సీలింగు ఫ్యాను తప్ప ఎవరూ లేరు.

మూడో రోజున వాల్తేరు పేజీ మీద యుద్ధం మొదలైంది. చినవాల్తేరు, పెదవాల్తేరు అని ఊరంతా అంటుంటే "టే" ఎక్కడిదని మాస్టారు. పాత టికెట్ల మీద వాల్టేరనే చదువుతూ బతికానని మేడమ్‌గారు. ఆమె ఆయనను నిరోధించారు. నిరోధానికి గురైన నిర్వాహకుడు ఇతరులు వేసిన నిరోధాన్ని తానే తొలగించుకోలేడు గాని, తనను నిరోధించినవారిని తిరిగి నిరోధించగలడు. మాస్టారు ఆ వెసులుబాటును వెంటనే కనిపెట్టారు. ఇద్దరూ బంధింపబడి, ఇద్దరూ నాకే ఫోన్ చేసి, "పెద్దవారు, మీరే తేల్చండి" అన్నారు.

ఋషికొండలో రాత్రి షిఫ్టులో ఉన్న మా మేనల్లుడి దగ్గర సర్వర్ తాళం ఉంది. "నీ టిక్కు నువ్వే తీసేశావేటి మామయ్యా?" అని వాడు చాలాసేపు నవ్వి, సర్వర్‌లో ఒక ఆదేశం నడిపాడు. ఆ ఆదేశం ఉన్న ఖాతాకు హోదా ఇస్తుంది, లేని ఖాతానైతే సృష్టించి మరీ ఇస్తుంది. వాడు నా పేరు చివరి దీర్ఘం మరిచాడు. దానితో దీర్ఘం లేని కొత్త మనిషి ఒకడు పుట్టుకతోనే అధికారి అయ్యాడు. ఆ కొత్త మనిషి సంకేతపదంతో లోపలికి వెళ్లి నేను ఇద్దరినీ విడిపించాను.

విడుదలైన మాస్టారు చేసిన మొదటి పని, కొత్త అధికారి పేరులో అక్షరదోషం ఉందని చర్చ పేజీలో రాయడం. ఆయనతో మేడమ్‌గారు ఏకీభవించింది ఆ ఒక్కసారే.