జారిపోయిన ఒక్క మాట: "తెలిసిన"

విజయనగరంలో పదో తరగతి పిల్లలకు లెక్కలు చెప్పే నాకు ఈ వారం ఒకే వాట్సాప్ సందేశం నాలుగు వైపుల నుంచి వచ్చింది. "ప్రపంచంలోనే అతి పెద్ద ప్రధాన సంఖ్య దొరికింది, దాన్ని మించినది లేదు. 2ను ప్రధాన సంఖ్యసార్లు గుణించి 1 తీసేస్తే ఎప్పుడూ ప్రధాన సంఖ్యే వస్తుంది. మన బ్యాంకు ఖాతాలకు తాళం ఇదే. దాని చివరి అంకె 7" అన్నది దాని సారాంశం.

సంఖ్య నిజమైనదే. 2ను 13,62,79,841 సార్లు గుణించి 1 తీసేస్తే వచ్చే ఈ సంఖ్య ప్రధానమని 2024 అక్టోబరులో ప్రకటించారు. ఇందులో 4,10,24,320 అంకెలున్నాయి కనుక, సెకనుకు ఒకటి చొప్పున తిండీ నిద్రా మాని రాసినా సుమారు 475 రోజులు పడుతుంది. అయితే ఇది అప్పటికి తెలిసినవాటిలో పెద్దది మాత్రమే. ఎన్ని ప్రధాన సంఖ్యలు చేతిలో ఉన్నా వాటన్నిటినీ గుణించి 1 కలిపితే, వచ్చిన సంఖ్యను వాటిలో ఏదీ నిశ్శేషంగా భాగించదని, అంటే జాబితాలో లేని ప్రధాన సంఖ్య మరొకటి ఉండి తీరుతుందని, గ్రీకు గణితవేత్త యూక్లిడ్ రెండు వేల ఏళ్లకు పూర్వమే చూపించాడు. ఆ వచ్చిన సంఖ్యే ప్రధానం కానక్కరలేదు: 2, 3, 5, 7, 11, 13లను గుణించి 1 కలిపితే 30,031 వస్తుంది, అది 59, 509ల లబ్ధం.

రెండో మాట ఎందుకు నమ్మబుద్ధవుతుందో నాకు తెలుసు. 3, 5, 7లతో చేసి చూస్తే వరుసగా 7, 31, 127 వస్తాయి, మూడూ ప్రధానాలే. 11 దగ్గర మాత్రం 2,047 వచ్చి, 23, 89గా విడిపోతుంది. నల్లబల్ల మీద ఇది వేసినప్పుడు "మేస్టారూ, అవే ఎందుకొచ్చాయి?" అని ఒక కుర్రాడు అడిగాడు, మంచి ప్రశ్న. రెండిటిలోనూ 1 తీసేస్తే మిగిలే 22, 88 రెండూ 11 గుణిజాలే, అక్కడ వచ్చే కారణాంకాలన్నీ ఈ రూపంలోనే ఉంటాయి. ఘాతాంకం, అంటే 2ను ఎన్నిసార్లు గుణిస్తామో ఆ సంఖ్య, ప్రధానం కాకపోతే ఫలితం ప్రధానం కాదన్నది నిజమే గానీ, దాన్ని తిరగేసి చెప్పడం చెల్లదు. అందుకే ప్రతి ఘాతాంకాన్నీ విడిగా పరీక్షించాలి. ఘాతాంకం 5తో వచ్చిన 31కి ఆ పరీక్ష చిన్నదే: 4తో మొదలుపెట్టి, వర్గం చేసి 2 తీసేస్తే 14, మళ్లీ చేస్తే 194, దాన్ని 31తో భాగిస్తే శేషం 8, మరోసారి చేస్తే 62; ఈసారి శేషం సున్నా కనుక 31 ప్రధానం. పెద్ద సంఖ్యకూ ఇదే పని, కాకపోతే పదమూడు కోట్ల పైచిలుకు సార్లు.

బ్యాంకు తాళం మాటకు పెద్ద జవాబు అక్కరలేదు. సమాచారానికి తాళం వేసే ఆర్‌ఎస్‌ఏ అనే పద్ధతిలో వాడేవి సుమారు మూడు వందల అంకెల రహస్య ప్రధాన సంఖ్యలు. ఊరంతటికీ తెలిసిన సంఖ్యతో తాళం వేస్తే ఒక్క భాగహారంతో ఊడిపోతుంది.

చివరి అంకె సంగతి ఏడో తరగతి పిల్లలైనా తేల్చగలరు. 2 ఘాతాల చివర 2, 4, 8, 6 తిరిగి తిరిగి వస్తాయి. 13,62,79,841ని 4తో భాగిస్తే శేషం 1, కనుక ఆ ఘాతం చివర 2 ఉంటుంది. అందులో 1 తీసేస్తే మిగిలేది 1, 7 కాదు.