రాజౌరి గ్రామాలకు తుపాకులిస్తే సరిపోతుందా?

2023 జనవరి 1 సాయంత్రం జమ్మూ కశ్మీర్‌లోని రాజౌరి జిల్లా ధాంగ్రీ గ్రామంలో ఉగ్రవాదులు ఇళ్లలోకి చొరబడి కాల్పులు జరిపారు. మర్నాడు ఉదయం, శోకంలో ఉన్న ఇంటి దగ్గర జనం పోగైన వేళ, ముందురోజు పెట్టి వెళ్లిన బాంబు పేలి ఇద్దరు పిల్లలు బలయ్యారు. రెండు ఘటనల్లోనూ కలిపి ఏడుగురు మరణించారు. రాజౌరి పట్టణానికి అంత చేరువలో, పరామర్శకు వచ్చేవారిని సైతం లెక్కలో పెట్టుకుని పన్నిన ఈ పన్నాగం అసలు ఉద్దేశం హిందువులూ ముస్లింలూ కలిసి బతుకుతున్న పల్లెల్లో ఒకరినొకరు అనుమానించుకునేలా చేయడమే.

ప్రభుత్వం ఇచ్చిన జవాబు గ్రామ రక్షణ దళాలు, అంటే ఊరివాళ్ల చేతికే తుపాకులిచ్చి కాపలా పెట్టడం. 1995లో దోడా కొండల్లో మొదలై, క్రమంగా నీరసించిన ఈ ఏర్పాటును 2022లో కొత్త పేరుతో పునరుద్ధరించారు. ధాంగ్రీ తర్వాత పాత 303 రైఫిళ్ల స్థానంలో మెరుగైన ఆయుధాలిచ్చి శిక్షణ మొదలుపెట్టారు. ఇది వృథా అనలేం. ఆ రాత్రి ఒక గ్రామస్థుడు తన పాత తుపాకితో ఎదురుకాల్పులు జరపబట్టే దుండగులు వెనుదిరిగారని ఊరివాళ్లు చెప్పారు. కానీ దళ సభ్యుల్లో అత్యధికులు హిందువులు. అడవిలో ఎవరు తిరుగుతున్నారో ముందుగా తెలిసేది మాత్రం వేసవిలో మందలు తోలుకుని పైనున్న ఢోక్‌లకు, అంటే రాళ్లూ మట్టితో కట్టుకున్న గుడిసెలకు చేరే ముస్లిం తెగలైన గుజ్జర్, బకర్వాల్ కాపరులకే.

2003లో పూంఛ్ జిల్లా సురన్‌కోట్ ఎగువన హిల్ కాకా అనే కొండప్రాంతంలో ఉగ్రవాద స్థావరాలను సైన్యం ‘సర్ప్ వినాశ్’ పేరుతో తుడిచిపెట్టగలిగిందంటే, అందులో స్థానిక గుజ్జర్ల సహకారం చిన్నది కాదు. అదే సామాజిక వర్గానికి చెందిన ముగ్గురు పౌరులు 2023 డిసెంబర్‌లో, సైనిక వాహనాలపై దాడి జరిగిన మర్నాడు, పూంఛ్ జిల్లా టోపా పీర్ నుంచి విచారణకు తీసుకెళ్లాక శవాలై తిరిగొచ్చారు. సైన్యం దర్యాప్తుకు ఆదేశించింది, రక్షణ మంత్రి రాజ్‌నాథ్ సింగ్ రాజౌరి వచ్చి గాయపడినవారిని పరామర్శించారు. అది అవసరమే, అయితే చాలదు. సమాచారం ఇస్తే ఉగ్రవాది చంపుతాడు, ఇవ్వలేదని అనుమానం వస్తే సైనిక శిబిరానికి పిలుపు వస్తుందనుకునే కాపరి నోరు విప్పడు; అతను నోరు విప్పకపోతే ధాంగ్రీ వంటి ఊళ్లకు ముందస్తు హెచ్చరిక అందే దారి మూసుకుపోతుంది. అందుకే టోపా పీర్ దర్యాప్తులో ఏం తేలిందో, ఎవరిపై ఏ చర్య తీసుకున్నారో ఆ ఊరివాళ్ల ముందే ప్రకటించడం తదుపరి విడత రైఫిళ్ల పంపిణీ కంటే ముందు జరగాల్సిన పని.