ఫిలిస్ డిల్లర్‌ది గాలివాటు గెలుపు కాదు

అమెరికన్ కమెడియన్ ఫిలిస్ డిల్లర్ ఫొటోతో ఒక పోస్టు తెగ తిరుగుతోంది. నిక్కబొడుచుకున్న జుట్టు, చేతిలో పొడవాటి సిగరెట్ హోల్డర్, కింద ఇలా రాసి ఉంటుంది: ప్రపంచంలోనే మొదటి మహిళా స్టాండప్ కమెడియన్, ఐదుగురు పిల్లలున్న మామూలు గృహిణి, ఓ రోజు స్టేజీ ఎక్కి మొగుణ్ణి నోటికొచ్చినట్టు తిట్టింది, రాత్రికి రాత్రే స్టార్ అయిపోయింది. అభిమానంతోనే పెడుతున్నారు, కానీ ఇందులో ఆమె పడ్డ కష్టం ఒక్క ముక్క కూడా లేదు.

ముందు ఆ "మొదటి" సంగతి. డిల్లర్ స్టేజీ ఎక్కింది 1955లో. నల్లజాతి కమెడియన్ మామ్స్ మేబ్లీ 1939 నాటికే న్యూయార్క్ అపోలో థియేటర్లో జనాన్ని నవ్విస్తోంది. జీన్ కారొల్ కూడా డిల్లర్ కంటే ముందే ఒంటరిగా మైకు ముందు నిలబడింది. డిల్లర్‌ని పొగడటానికి వీళ్ళిద్దర్నీ చెరిపేయాల్సిన పని లేదు.

మామూలు గృహిణి అట! శాన్‌ఫ్రాన్సిస్కో పర్పుల్ ఆనియన్ క్లబ్బులో మొదటి షో నాటికి ఆమెకు 37 ఏళ్ళు, పిల్లలు ఐదుగురు, అంతవరకూ నిజం. కానీ అప్పటికే షికాగోలో పియానో నేర్చుకుంది, ఓక్లాండ్ రేడియో స్టేషన్లో ప్రకటనలు రాసే ఉద్యోగం చేసింది, అంటే తక్కువ మాటల్లో విషయం చెప్పడం ఆమెకు కొత్త కాదు. రెండు వారాలకని ఒప్పుకున్న ఆ షో ఏడాదిన్నర దాటి నడిచింది.

ఇక మొగుణ్ణి తిట్టడం. జోకుల్లో మొగుడిగా వచ్చే "ఫ్యాంగ్" కల్పిత పాత్ర. అసలు భర్త షెర్వుడ్, స్టేజీ ఎక్కమని వెంటపడిందే ఆయన. 1965లో విడాకులయ్యాక కూడా ఫ్యాంగ్ జోకులు ఆగలేదు. ఆ సిగరెట్ కూడా చెక్కతో చేసిందే, ఆవిడకు పొగతాగే అలవాటే లేదు. చక్కని ఒళ్ళు కనిపిస్తే "నేను అందవికారిని" అన్న జోకు పేలదని కావాలనే గోనెసంచుల్లాంటి గౌన్లు వేసుకునేది.

నన్ను బాగా మండించింది మాత్రం ఆ "నోటికొచ్చినట్టు" అన్న మాట. వాషింగ్టన్ స్మిత్సోనియన్ మ్యూజియంలో ఆమె జోకుల బీరువా ఉంది, 2003లో తనే ఇచ్చింది. సొరుగులున్న పెద్ద ఇనుప బీరువా అది, లోపల 50 వేలకు పైగా చిన్న అట్టముక్కలు, ఒక్కోదాని మీద టైపు చేసిన ఒక్కో జోకు, విషయాల వారీగా సర్ది ఉంటాయి. కొన్ని జోకులు ఇతరుల దగ్గర కొనుక్కుంది కూడా, రాసిచ్చినవాళ్ళలో కమెడియన్ జోన్ రివర్స్ ఒకరు. దీన్ని పట్టుకుని "సొంత జోకులే కావు" అనేవాళ్ళూ ఉన్నారు. అదే పని చేసిన మగ కమెడియన్ బాబ్ హోప్‌ని ఎవరూ ఏమీ అనరే?

రాత్రికి రాత్రే అంటారా, 2002లో లాస్ వెగాస్‌లో షోలకు సెలవు చెప్పేనాటికి ఆమెకు 84 ఏళ్ళు. ఈసారి షేర్ చేసేవాళ్ళు ఆ జుట్టు ఫొటోతో పాటు బీరువా ఫొటో కూడా పెట్టండి, "మొదటి" అన్న మాట తీసేయండి.