సవరణ: వైర్‌మన్ శిక్షణ గురించి

అమెరికాలో యూనియన్‌తో, అంటే కార్మిక సంఘంతో, ఒప్పందం చేసుకున్న ఎలక్ట్రికల్ కాంట్రాక్టర్లకు కలిగే లాభాల గురించి రాస్తూ, వైర్‌మన్లకు యూనియనే మూడేళ్లు శిక్షణ ఇస్తుందన్నాను. అది తప్పు. సాధారణంగా 5 ఏళ్లు. పైగా ఆ శిక్షణను కాంట్రాక్టర్ల సంఘం, కార్మిక సంఘం 1941 నుంచి ఉమ్మడిగా నడుపుతున్నాయి.

నేనూ ఎలక్ట్రికల్ కాంట్రాక్టర్‌నే. మిర్యాలగూడ రైస్ మిల్లుల్లో సీజనుకు ముందు మోటార్లు, ప్యానెల్ బోర్డులు బిగించడానికి నాకు ఒకేసారి పదిమంది కావాలి. వచ్చిన కుర్రాడు ఎర్త్ తీగను కలపకుండా వదిలేస్తాడు. ఆ తీగ ఎందుకో అతనికి ఎవరూ చెప్పలేదు. అమెరికాలో అయితే యూనియన్ హాలుకు, అంటే కార్మిక సంఘం కార్యాలయానికి, కబురు పెడితే శిక్షణ పొందినవాళ్లు వస్తారు, పని అయ్యాక తిరిగి పని కోసం ఎదురుచూసేవాళ్ల జాబితాలో చేరతారు. వాళ్ల పింఛను నిధికి పని గంటల లెక్కన సొమ్ము కట్టేది కాంట్రాక్టరే.

నేర్పే బాధ్యత మన కాంట్రాక్టర్లది కాదన్నట్టు రాసినందుకు మన్నించండి.