గ్రిఫిత్ ఒక్కడే కనిపెట్టలేదు: బిల్లీ బిట్జర్‌కి దక్కాల్సిన సగం

1913 డిసెంబరులో న్యూయార్క్‌లో నాటకాలవాళ్లు, సినిమావాళ్లు అందరూ చదివే ఒక వారపత్రికలో పెద్ద ప్రకటన వచ్చింది. బయోగ్రాఫ్ అనే సినిమా కంపెనీ నుంచి అప్పుడే బయటికొచ్చిన దర్శకుడు డి.డబ్ల్యు.గ్రిఫిత్ వేయించుకున్న ప్రకటన అది. బయోగ్రాఫ్ సాధించిన పెద్ద విజయాలన్నీ తనవేనని, సినిమా కళకి ఆధునిక పద్ధతి నేర్పింది తనేనని అందులో చెప్పుకున్నాడు. క్లోజప్, దూరపు దృశ్యాలు, ఒక చోటి కథ నుంచి ఇంకో చోటికి కట్ చేసి మళ్లీ వెనక్కి రావడం, దృశ్యం మెల్లగా చీకట్లో కలిసిపోయే ఫేడౌట్, నటనలో నిగ్రహం, అన్నీ తన ఖాతాలోనే రాసుకున్నాడు. కింద సినిమాల పేర్లు బారెడు. కెమెరామన్ పేరు మాత్రం ఎక్కడా లేదు.

ఆ ప్రకటన తర్వాత వందేళ్లపాటు సినిమా చరిత్రే అయింది. చాలా పుస్తకాలు దాన్నే కాస్త పాలిష్ చేసి రాశాయి. ఫిల్మ్ స్కూల్ పాఠాల్లోకీ అదే వెళ్లింది. గ్రిఫిత్ "సినిమా భాషకు పితామహుడు", బిల్లీ బిట్జర్ "ఆయన కెమెరామన్". నాకు ఈ "ఆయన కెమెరామన్" అనే మాట మీదే పేచీ. 1908 నుంచి 1920ల మొదటి దాకా వచ్చిన ఆ సినిమాల ఘనతలో సగం బిట్జర్‌ది. మర్యాద కోసమో, పాపం అనిపించో అంటున్నమాట కాదిది. ఆ రోజుల్లో సినిమా ఎలా తీసేవాళ్లో తెలిస్తే ఇంకో లెక్క కుదరదు.

ముందు ఫేడౌట్ సంగతే చూద్దాం, ప్రకటనలో గ్రిఫిత్ గర్వంగా చెప్పుకున్నవాటిలో అదొకటి కాబట్టి. ఈరోజు ఫేడౌట్ అంటే ఎడిటర్ మౌస్‌తో చేసే పని. అంతకుముందు ల్యాబ్‌లో చేసేవాళ్లు. 1910 ప్రాంతంలో అలా కాదు, షాట్ తీస్తుండగానే కెమెరాలోనే చేయాలి. కెమెరామన్ కుడిచేత్తో సెకనుకి రెండు చుట్ల చొప్పున హ్యాండిల్ తిప్పుతుంటాడు, చుట్టుకి 8 ఫ్రేములు, అంటే సెకనుకి 16. ఆ లయ తప్పితే తెరమీద మనుషులు పరుగులైనా పెడతారు, ఈదులాడుతున్నట్టైనా కనిపిస్తారు. అదే లయలో చెయ్యి ఆడుతుండగా రెండో చేత్తో లెన్సులోకి వెలుతురొచ్చే దారిని కొద్దికొద్దిగా మూసుకుంటూ రావాలి. ఒక దృశ్యం కరిగి ఇంకో దృశ్యంలోకి మారాలంటే ఇంకా కష్టం. మూసేశాక ఎన్ని చుట్లు తిప్పాడో లెక్కపెట్టుకుని, లెన్సుకి మూత పెట్టి, ఫిల్మును అన్ని చుట్లు వెనక్కి తిప్పి, దాని మీదే రెండో దృశ్యం మెల్లగా తెరుస్తూ తీయాలి. లెక్కలో తేడా వస్తే రెండు షాట్లూ పోతాయి. ఎక్స్‌పోజర్ కొలవడానికి మీటర్ లేదు, తీసింది వెంటనే చూసుకోవడానికి మానిటర్ లేదు. పైగా ఆనాటి ఫిల్ముకి ఎరుపు రంగు కనపడదు. ఎర్రటి పెదాలు నల్లగా, నీలి ఆకాశం తెల్లగా పడేవి. ఈ లోపాలన్నీ తలలో పెట్టుకుని, ముందున్న దృశ్యం తెరమీద ఎలా ఉంటుందో ఊహించగలిగినవాడు సెట్‌లో ఒక్కడే. వాడు డైరెక్టర్ కాదు.

"ఇక్కడ మెల్లగా చీకటి పడాలి" అని అడగడం గొప్పే, కాదనను. కానీ ఆ చీకటి ఎంతసేపట్లో, ఎంత మెత్తగా పడాలన్నది చేతికి తెలిసిన విషయం. తెరమీద మనల్ని కదిలించేది ఆ మెత్తదనమే.

ఇంతకీ ఈ మనిషి గ్రిఫిత్ నేర్పితే నేర్చుకున్నవాడా అంటే అదీ కాదు. జొహాన్ గాట్లాబ్ విల్‌హెల్మ్ బిట్జర్ 1872లో బోస్టన్ దగ్గరి రాక్స్‌బరీలో పుట్టాడు, జర్మన్ కుటుంబం. వెండిపని నేర్చుకున్నాడు, కరెంటు పని తెలుసు. తర్వాత బయోగ్రాఫ్‌గా మారిన కంపెనీలో 1890ల మధ్యలోనే చేరాడు. ఎడిసన్ దగ్గర పనిచేసి బయటికొచ్చిన డబ్ల్యు.కె.ఎల్.డిక్సన్ అక్కడ కొత్త కెమెరా తయారుచేస్తున్నాడు. 68 మిల్లీమీటర్ల వెడల్పు ఫిల్ము, మోటారుతో నడిచే భారీ యంత్రం. 1896 అక్టోబరులో న్యూయార్క్‌లోని హ్యామర్‌స్టైన్ ఒలింపియా థియేటర్‌లో అమెరికా అధ్యక్ష అభ్యర్థి మెకిన్లీ కదిలే బొమ్మను తెరమీద వేసినప్పుడు ప్రొజెక్టర్ దగ్గర ఉన్నది బిట్జరే. 1898లో స్పెయిన్‌తో యుద్ధం వస్తే కెమెరాతో క్యూబా వెళ్లాడు. 1899లో కోనీ ఐలండ్‌లో జెఫ్రీస్, షార్కీల బాక్సింగ్ పోటీని దాదాపు 400 ఆర్క్ లైట్ల కింద తీసిన బృందంలో ఉన్నాడు. సినిమా అంటే ఎండలో తీసేదే అనుకునే రోజుల్లో, రాత్రి, నాలుగు గోడల మధ్య!

నన్ను మరీ పట్టేసినవి రెండున్నాయి. మొదటిది 1904లో పిట్స్‌బర్గ్ దగ్గర వెస్టింగ్‌హౌస్ ఫ్యాక్టరీల్లో ఆయన తీసిన చిన్న చిత్రాల వరస. మెర్క్యురీ వేపర్ లైట్లు పెట్టి కార్ఖానా లోపల తీశాడు. కొన్ని షాట్లలో కెమెరాను కప్పు కింద నడిచే క్రేన్ మీద ఎక్కించాడు. క్రేన్ ముందుకు కదులుతుంటే కింద వరసలు వరసలుగా మోటార్లు, వాటి మధ్య కార్మికులు, మనం వాళ్ల తలల మీదుగా తేలుతూ పోతుంటాం. రెండోది 1905 మేలో న్యూయార్క్ సబ్‌వేలో, అంటే భూగర్భ రైలు మార్గంలో తీసింది. సబ్‌వే మొదలై ఏడు నెలలే అయింది. ఒక రైలు ముందు భాగంలో కెమెరా, ఆ ముందు ఇంకో రైలు, పక్క పట్టాల మీద లైట్లు మోసుకుంటూ మూడో బండి, మూడూ కలిసి 14వ వీధి నుంచి 42వ వీధి దాకా. స్తంభాలు ఒకటొకటే వెలుగులోకి వచ్చి వెళ్లిపోతుంటాయి. నటుడు లేడు, కథ లేదు, అయినా కళ్లు తిప్పుకోలేం. చలనాన్నీ కాంతినీ కలిపి ఒక షాట్‌గా ఆలోచించిన మనిషి పని అది. అప్పటికి గ్రిఫిత్ ఊరూరా తిరిగే నాటక కంపెనీల్లో నటుడు.

ఇప్పుడు వీళ్లిద్దరూ కలిసి చేసిన 1916 నాటి "ఇన్‌టాలరెన్స్"లో బాబిలోన్ సీను గుర్తు తెచ్చుకోండి. చూడనివాళ్లూ ఆ స్టిల్ చూసే ఉంటారు, వెనక కాళ్ల మీద నిలబడ్డ ఏనుగుల బొమ్మలు, మెట్ల మీద వందల మంది జనం. పట్టాల మీద నడిచే ఎత్తైన కట్టడం, దానిలో పైకీ కిందికీ దిగే వేదిక, వేదిక మీద కెమెరా. జనం మీదుగా తేలుతూ వచ్చి మెల్లగా దిగుతుంది. దర్శకుడి బృహత్తర ఊహ అని అందరూ రాశారు. ఆ ఏర్పాటు ఆలోచన ఎవరిదన్నది వేరే చర్చ. కానీ కింద జనం, పైన తేలే కెమెరా అనే అనుభవం ఆ సెట్ మీద ఎవరికైనా పాతదైతే అది బిట్జర్‌కి. పన్నెండేళ్ల కింద ఫ్యాక్టరీలో చేసిన పనే. ఎదురుగా కార్మికులకు బదులు బాబిలోన్ జనం.

1908లో గ్రిఫిత్ బయోగ్రాఫ్‌లో డైరెక్టర్ అయ్యేనాటికి బిట్జర్ పన్నెండేళ్లుగా కెమెరాలతో పనిచేస్తున్నాడు. తర్వాతి ఐదేళ్లలో మన్‌హటన్‌లో 14వ వీధిలోని పాత ఇంటి స్టూడియోలోనూ, చలికాలాల్లో కాలిఫోర్నియాలోనూ వందలాది ఒక రీలు, రెండు రీళ్ల సినిమాలు వచ్చాయి. వాటిలో ఎక్కువ భాగం బిట్జర్ తీశాడు. (ఆర్థర్ మార్విన్ అనే ఇంకో కెమెరామన్ కూడా ఉండేవాడు, ఆయన పేరైతే బొత్తిగా పోయింది.) 1909లో పొయ్యి మంట వెలుగొక్కటే ముఖాల మీద పడేలా ఒక కుటుంబాన్ని చూపించారు. నటుల వెనక నుంచి ఎండ పడేలా నిలబెట్టి ముందు నుంచి అద్దాలతో వెలుతురు తిప్పికొట్టడం ఎలా తట్టిందో బిట్జర్ ఆత్మకథలో చెబుతాడు. బయట బల్ల దగ్గర భోజనం చేస్తున్న నటి మేరీ పిక్‌ఫర్డ్ వాళ్లను సరదాకి తీశాడట. బల్ల మీద నుంచి తిరిగొచ్చిన కాంతిలో ముఖాలు వెలిగిపోయాయట. ఫ్రేము మూలలు నల్లబడే ఐరిస్ కూడా అలాంటిదే, ఎండ చురుకు లెన్సులో పడకుండా తను చేసుకున్న తొడుగు మూలల్ని నల్లబరిచింది. పొరపాటు పనికొస్తుందని గ్రిఫిత్ గుర్తించాడు, ఆ ఘనత ఆయనదే. గుర్తించడానికి ముందు ఒకటి జరగాలి కదా, జరిపినవాడు ఎవరు?

1912లో వచ్చిన "ద మస్కెటీర్స్ ఆఫ్ పిగ్ ఆలీ" దొరికితే చూడండి, ఇంటర్నెట్‌లో ఉంది. న్యూయార్క్ గల్లీ రౌడీల కథ, 17 నిమిషాలు. ముఠా నాయకుడు గోడ పక్కనే జారుకుంటూ వచ్చి కెమెరాకి ఎంత దగ్గరవుతాడంటే, ముఖం సగం తెరను నింపేస్తుంది. ఆ ముఖం మీద స్పష్టత పోదు, వెనకాల గల్లీ మసకబారుతుంది. లెన్సు ఎంత దూరానికి ఎంత తిప్పాలో తెలిసి, హ్యాండిల్ లయ తప్పకుండా తీయాల్సిన షాట్. "క్లోజప్ ఎవరు కనిపెట్టారు" అనే పాత గొడవ నాకు అనవసరం, ఇంగ్లండ్‌లో బ్రైటన్‌వాళ్లు 1900లోనే తీశారు. దగ్గరికొస్తున్న ముఖంలో భయం పుట్టించడం మాత్రం ఈ గల్లీలోనే చూశాం, దానికి ఇద్దరు కావలసి వచ్చారు.

అవతలివాళ్లు అనేది కూడా వినాలి. గ్రిఫిత్ లేకపోతే బిట్జర్ మంచి టెక్నీషియన్‌గా మిగిలిపోయేవాడంటారు. 1909లో ఒక సినిమాలో గది కిటికీలోంచి తెల్లవారే వెలుగు మెల్లగా పాకే షాట్ ఆలోచన గ్రిఫిత్‌దే, కెమెరామెన్ అది కుదరదని అన్నారు. విడిపోయాక బిట్జర్ చెప్పుకోదగ్గ సినిమా చేయలేదన్నదీ నిజమే. ఒప్పుకుంటాను. అయితే గ్రిఫిత్ కూడా అంతే కదా! బిట్జర్ పక్కకి జరిగాక తీసిన సినిమాల్లో ఎన్నింటిని ఇవాళ పాఠాల్లో చూపిస్తున్నారు? ఇద్దరూ విడివిడిగా తగ్గిపోయారంటే ఆ గొప్పతనం జోడీది అని అర్థం.

సగం ఘనత అడిగేవాళ్లం సగం నేరం కూడా మోయాలి. వీళ్లిద్దరూ చేసిన 1915 నాటి "ద బర్త్ ఆఫ్ ఎ నేషన్" నల్లజాతి మనుషుల్ని మృగాలుగా, కు క్లక్స్ క్లాన్ అనే తెల్లజాతి దురహంకార ముఠా హంతకుల్ని వీరులుగా చూపిన సినిమా. నల్లజాతివాళ్ల హక్కుల సంస్థ ఎన్‌ఏఏసీపీ ఊరూరా నిరసనలు చేసింది. అదే ఏడాది క్లాన్ మళ్లీ ప్రాణం పోసుకుంది. గుర్రాల మీద ముసుగు మనుషుల్ని అంత ఉత్తేజంగా కనిపించేలా చేసింది బిట్జర్ కెమెరా. తను దాచుకున్న 7 వేల డాలర్లు ఆ సినిమాలో పెట్టాడు కూడా. యుద్ధభూమి షాట్లు అద్భుతమని రాసి, ఆ విషాన్ని డైరెక్టర్ ఖాతాలో వదిలేసే విమర్శకులతో నేను ఏకీభవించను. ఆ షాట్లు బాగుండబట్టే ఆ విషం అంత దూరం పాకింది.

ఇక నాకు అసలు కోపం తెప్పించేది. పేరు రాయకపోవడం అహంకారానికి సంబంధించిన చిన్న విషయం అనుకుంటారు చాలామంది. కాదు, అది కూటికి సంబంధించిన విషయం. బయోగ్రాఫ్ తెరమీద నటుల పేర్లే వేసేది కాదు, ఇక కెమెరామన్ ఎక్కడ? పేరు బయటికి పొక్కితే జీతం పెంచమంటారని ఆనాటి కంపెనీల భయం. గ్రిఫిత్ ఈ అన్యాయం తనకి జరిగినందుకు ప్రకటన వేయించాడు, తన పక్కనున్నవాడికి మాత్రం అదే చేశాడు. ఆ 1913లోనే బయోగ్రాఫ్‌లో స్థిరమైన ఉద్యోగం వదలాలా వద్దా అని తటపటాయించి, చివరికి గ్రిఫిత్‌ని నమ్మి వెంట వెళ్లినవాడు బిట్జర్. గ్రిఫిత్ తీసిన "బ్రోకెన్ బ్లాసమ్స్" నాటికి నటి లిలియన్ గిష్ ముఖాన్ని మెత్తగా, మసకగా తీసే హెండ్రిక్ సార్టవ్ అనే కెమెరామన్ వచ్చాడు. క్రమంగా బిట్జర్ రెండో కెమెరామన్ అయ్యాడు. 1928, 29లో గ్రిఫిత్ సినిమాలకే కార్ల్ స్ట్రస్ అనే ఇంకో కెమెరామన్ పక్కన పనిచేశాడు. తాగుడు కూడా ఉంది, దాచాల్సిన పనిలేదు. కానీ "పితామహుడు" అనే బిరుదు ఉన్నవాడికి పని లేకపోయినా 1936లో గౌరవ ఆస్కార్ వచ్చింది. బిరుదు లేనివాడు మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్ ఫిల్మ్ లైబ్రరీలో, తను తీసిన పాత సినిమాల వివరాలు సరిచూసే పనిలో కుదురుకున్నాడు. 1944 ఏప్రిల్‌లో లాస్ ఏంజెలెస్‌లో చనిపోయాడు. ఆత్మకథ అచ్చయ్యేసరికి 1973.

ఈ మనిషి 1926 ప్రాంతంలో న్యూయార్క్‌లో కెమెరామెన్ యూనియన్ కట్టడానికి ముందుకొచ్చినవాళ్లలో ఉన్నాడు. బిట్జర్ గురించి రాసేవాళ్లు ఈ విషయాన్ని ఒక వాక్యంలో దాటేస్తారు. నా దృష్టిలో ఐరిస్ కన్నా, బాబిలోన్ షాట్ కన్నా ఆయన జీవితాన్ని ఎక్కువ చెప్పేది ఇదే. యాభై దాటిన మనిషి, చేతిలో పని తగ్గిపోతున్న మనిషి, కంపెనీలతో గొడవపెట్టుకుంటే ఏమవుతుందో బాగా తెలిసినవాడు. అయినా చేశాడు. ఎందుకంటే తన పని ఎవరి పేరు మీద చలామణీ అయిందో, దానివల్ల తన బేరమాడే శక్తి ఎంత తగ్గిందో ఆయనకన్నా తెలిసినవాళ్లు లేరు. జీతం, పని గంటలు, తెరమీద పేరు, ఈ మూడూ ఒకదానికొకటి ముడిపడి ఉన్నాయని కార్మికుడికి అర్థమైనంత స్పష్టంగా విమర్శకుడికి ఎప్పుడూ అర్థం కాలేదు. సినిమాకి ఒక్కడే కర్త అనే సిద్ధాంతం విమర్శకులు ఇష్టంగా రాసుకున్నారు, కంపెనీలు సంతోషంగా వాడుకున్నాయి. ఒక్క పేరుకి డబ్బిస్తే చాలు, మిగతా వందమందిని రోజుకూలీకి మాట్లాడుకోవచ్చు.

సరిచేయడానికి ఆధారాలు లేకపోతే వేరే సంగతి. ఉన్నాయి. ఏ రోజు, ఎక్కడ, ఏ కెమెరామన్ తీశాడో రాసుకునే రిజిస్టర్ బయోగ్రాఫ్ కంపెనీ దగ్గర ఉండేది, అది మిగిలింది. తెరమీద వేయని పేర్లను కంపెనీ తన లెక్కల కోసం భద్రంగా రాసిపెట్టుకుంది. అందుకే ఆ ఐదేళ్ల సినిమాలను ఆన్‌లైన్‌లో పెడుతున్న సంస్థలు, సిలబస్‌లు రాస్తున్న కాలేజీలు "గ్రిఫిత్ బయోగ్రాఫ్ సినిమాలు" అనే శీర్షిక తీసేయాలి. "గ్రిఫిత్, బిట్జర్" అని ఒకే సైజు అక్షరాల్లో వేయాలి, మార్విన్ తీసిన చోట మార్విన్ అని వేయాలి.