గెట్ అనే మూడక్షరాల తలనొప్పి

ఇంగ్లీషు క్రియల్లో గెట్ అంత మొండిఘటం అరుదు. పక్కన నామవాచకం వస్తే అందుకోవడం, తెచ్చుకోవడం. విశేషణం వస్తే ‘అవ్వడం’: గెట్ టైర్డ్ అంటే అలసిపోవడం. టు పెట్టి ఊరి పేరు చెబితే చేరుకోవడం. హోమ్ దగ్గర మాత్రం ఆ టు మాయం! గెట్ టు హోమ్ తప్పు, గెట్ హోమ్ అనాలి. అక్కడ హోమ్ క్రియావిశేషణమట.

అసలు తిరకాసంతా పని చేయించడం దగ్గరే. గెట్ హిమ్ టు సైన్ అంటే అతనిచేత సంతకం పెట్టించడం, టు తప్పనిసరి. అదే మేక్ వాడితే టు ఉండకూడదు: మేక్ హిమ్ సైన్. మనకైతే ‘ఇంచు’ తగిలిస్తే సరిపోయే. అందుకే చాలామంది రెండూ కలిపేసి మేక్ హిమ్ టు సైన్ అనేస్తారు.

వెనక చిన్న ముక్క చేరిందా, మళ్లీ కొత్త వేషం. గెట్ ఓవర్ అంటే కోలుకోవడం, గెట్ బై అంటే ఎలాగోలా నెట్టుకురావడం, గెట్ అవే విత్ అంటే తప్పుచేసి కూడా శిక్ష తప్పించుకోవడం. బస్సు ఎక్కితే గెట్ ఆన్, కారెక్కితే గెట్ ఇన్. లోపల నిలబడి నడవగలిగితే ఆన్ అని సూత్రం చెబుతారు. మరి సైకిల్? దానికీ ఆనే!

ఇవి చాలవన్నట్టు, ‘అయింది’ అనడానికి హావ్ తర్వాత బ్రిటన్‌లో గాట్, అమెరికాలో గాటెన్. ‘నా దగ్గర ఉంది’ అనడానికి మాత్రం అమెరికావాళ్లూ ఐ హావ్ గాట్ అనే అంటారు.