నాలుగు గదుల్లో ఒకటే పాట

ఇంట్లో స్పీకరు ఒక్కటే ఉన్నంతకాలం గొడవ లేదు. అది ఉన్న గదిలో పాట ఉంటుంది. కావలసినవాళ్లు అక్కడికి వెళ్తారు, అక్కర్లేనివాళ్లు అక్కణ్ణించి లేచొస్తారు. "ఇదే పాట వంటింట్లోకి కూడా వినిపిస్తే బావుణ్ణండీ" అని ఇంటావిడ మాటవరసకి అంది. కాస్త సౌండు పెంచమని ఆవిడ భావం. ఇంటాయన శనివారం సాయంత్రానికల్లా మూడు బ్లూటూత్ స్పీకర్లు పట్టుకొచ్చాడు.

"ఏముంది సార్, ఆన్ చేస్తే కనెక్టైపోద్ది" అన్నాడు షాపతను. అబద్ధమేమీ కాదు. ఒకటి కనెక్టవుతుంది, రెండోది కనెక్టయ్యేసరికి మొదటిది ఊడుతుంది. మామూలు బ్లూటూత్‌లో ఫోను పాటని ఒక స్పీకరుకే పంపుతుంది. కొన్ని ఫోన్లలో డ్యుయల్ ఆడియో అని ఉంటే రెండింటికి పంపుతుంది. పార్టీ మోడ్ (నాలుగైదు స్పీకర్లు కలిసి ఒకే పాట పాడే పద్ధతి) ఉన్న స్పీకర్లయితే సాధారణంగా ఒకే కంపెనీవి, అందులోనూ ఒకదానికొకటి పొసిగే మోడళ్లు అయ్యుండాలి. ఇంటాయన తెచ్చినవి మూడూ మూడు కంపెనీలవి, ఆఫర్లో ఉన్నాయని.

పెట్టెమీద 10 మీటర్లు అని రాసి ఉంటుంది. అది అడ్డం లేని చోటి లెక్క. మధ్యలో రెండు తొమ్మిదంగుళాల ఇటుక గోడలు వస్తే పాట వంటింటికి ముక్కలుముక్కలుగా చేరుతుంది. ఆపైన పాట ఉండేది ఫోనులో, ఫోను ఉండేది ఇంటాయన జేబులో. ఆయన పాలపాకెట్ కోసం లిఫ్టెక్కితే చరణం మధ్యలో పాట కూడా లిఫ్టెక్కింది.

పోనీ ఇంట్లోనే ఉండే ఫోను కదా అని ఆవిడ ఫోను కలిపారు. పది నిమిషాల్లో ఆవిడ తమ్ముడు ఫోన్ చేశాడు. "అక్కా, మీ అత్తగారు ఇంకా వెళ్లలేదా?" అన్న ప్రశ్న హాల్లో, అత్తగారి కుర్చీ పక్క స్టూలు మీదున్న స్పీకర్లోంచి స్పష్టంగా వినిపించింది.

"ఉగాది వెళ్లాకే వెళ్తానని చెప్పవే అమ్మాయ్" అన్నారు అత్తగారు, చిక్కుడుకాయల ఈనెలు తీస్తూనే.

మైకున్న బ్లూటూత్ స్పీకరు ఫోనుకి రెండు వేషాల్లో కనిపిస్తుంది: పాటలు వినిపించేది, కాల్స్ మాట్లాడేది. ఆండ్రాయిడ్ ఫోన్లో బ్లూటూత్ సెట్టింగ్స్‌కి వెళ్లి ఆ స్పీకరు పేరు పక్కనున్న గుర్తు నొక్కితే 'కాల్స్', 'మీడియా ఆడియో' అని రెండు మీటలు వస్తాయి. మొదటిది ఆపేసి రెండోది ఉంచుకుంటే చుట్టాలు దక్కుతారు. వాట్సాప్ వీడియోలు మాత్రం ఆగవు, అవి మీడియా కిందే లెక్క.

ఆదివారం హాస్టల్లో ఉన్న కొడుకు ఫోన్లోనే తీర్పు చెప్పాడు. "నాన్నా, అవన్నీ ఇచ్చేసి వైఫై స్పీకర్లు తెచ్చుకోండి. ఒకటే రకం తెచ్చుకోండి." ఈ సలహాలో రెండో వాక్యమే అసలైనది. గూగుల్ స్పీకర్ల గుంపులో అలెక్సా చేరదు, అలెక్సా గుంపులోకి గూగుల్ రాదు. వైఫై స్పీకరు పాటని ఫోను దగ్గర అడుక్కోదు, ఇంటర్నెట్ నుంచి తనే తెచ్చుకుంటుంది. ఫోను వట్టి రిమోట్. అది జేబులో ఊరంతా తిరిగొచ్చినా ఇంట్లో పాట ఆగదు. 320 కేబీపీఎస్ (సెకనుకి 320 కిలోబిట్ల) పాట గంటకి సుమారు 144 ఎంబీ, కాబట్టి నెట్ చాలదేమోనన్న భయం అక్కర్లేదు. భయపడాల్సింది రౌటరు గురించి.

ఇంటాయన ఒకే రకంవి నాలుగు తెచ్చాడు. కానీ ఈ ఇంట్లో రౌటర్లు రెండు. హాల్లో ఫైబర్ కనెక్షనుతో పాటు వచ్చినది ఒకటి, బెడ్‌రూమ్‌లో సిగ్నల్ రావడం లేదని తర్వాత కొన్నది ఇంకొకటి. మొదటిది తనకి కలిసిన పరికరాలకి 192.168.1 అని మొదలయ్యే నంబర్లు పంచుతుంది, రెండోది 192.168.0 అని. ఇంటివాళ్లకి అది ఒకే ఇల్లు, స్పీకర్లకి రెండు ఊళ్లు. ఫోను స్పీకర్ని వెతికేటప్పుడు వేసే కేక రౌటరు గడప దాటదు. అందుకే హాల్లో నిలబడితే రెండు స్పీకర్లు కనిపిస్తాయి, బెడ్‌రూమ్‌లోకి వెళ్తే అవి మాయమై ఇంకో రెండు కనిపిస్తాయి. ఇంటాయన ఒక్కోదాని రీసెట్ మీటా నొక్కిపట్టి, మళ్లీ సెటప్ చేసి, మళ్లీ రీసెట్ కొట్టి పొద్దు గడిపాడు. పాపం స్పీకర్లలో ఏ లోపమూ లేదు.

మందు రెండో రౌటర్లో ఉంది. దాని సెట్టింగ్స్‌లో యాక్సెస్ పాయింట్ మోడ్ (సొంతంగా నంబర్లు పంచకుండా మొదటిదాని నెట్‌వర్కునే వైఫైలో అందించే పద్ధతి) అని ఉంటే అది ఎంచుకోవాలి. లేకపోతే అందులో డీహెచ్‌సీపీ (ఆ నంబర్లు పంచే పని) ఆపి, దాని నంబరు మొదటి రౌటరు వరసలోకే మార్చి (మొదటిదాని నంబరే మళ్లీ పెట్టకూడదు), కేబుల్‌ని వాన్ పోర్టులోంచి (బయటి నెట్ వచ్చే చోటు) తీసి లాన్ పోర్టులో (ఇంట్లో పరికరాలు కలిపే చోటు) గుచ్చాలి. రెండింటికీ ఒకే వైఫై పేరు, ఒకే పాస్‌వర్డు పెడితే ఇంకా సుఖం. స్పీకర్లని గెస్ట్ నెట్‌వర్కులో (వచ్చినవాళ్లకి విడిగా ఇచ్చే వైఫై) పెట్టకూడదు. ఏపీ (యాక్సెస్ పాయింట్) ఐసొలేషన్ అనేది ఆన్‌లో ఉంటే ఆపాలి. ఆ సదుపాయం పనే పరికరాలు ఒకదాన్నొకటి చూసుకోకుండా చేయడం.

నాలుగు స్పీకర్లూ ఒకేసారి కనిపించాయి. ఇంటాయన ఒక్కోదానిలో విడివిడిగా సుప్రభాతం పెట్టుకుంటూ వెళ్లాడు. హాల్లో స్వామివారు ఇంకా కళ్లు తెరవకముందే వంటింట్లో మంగళం పాడేశారు. ఇలా కాదని ముగ్గురికీ మూడు ఫోన్లు ఇచ్చి, "ఒకటి, రెండు, మూడు, నొక్కండి!" అన్నాడు. అందరూ బుద్ధిగా ఒకేసారి నొక్కారు. అయినా ఒక గది ముందు, ఒక గది వెనక. స్పీకరు నొక్కగానే పాడదు. ముందు కొంత పాటని తెచ్చి పోగేసుకుంటుంది, దానికి పట్టే టైము ఒక్కోదానికి ఒక్కోలా ఉంటుంది. తేడా 30, 40 మిల్లీసెకన్ల లోపుంటే చెవి దాన్ని ఒకే శబ్దంగా సరిపెట్టుకుంటుంది. పెరిగేకొద్దీ గుళ్లో మైకులా మాట వెనకే మాట తగులుతుంది.

అందుకే యాప్‌లో స్పీకర్ గ్రూప్ చేయాలి. "ఇల్లంతా" అన్న గ్రూపులో పాట పెడితే అవి ముందు గడియారాలు కలుపుకుని, కొంత పాట దాచుకుని, ఒకే క్షణానికి మొదలుపెడతాయి. పాజ్ నొక్కాక పాట ఒక క్షణం ఆలస్యంగా ఆగేది ఆ దాపరికం వల్లే. సరిగ్గా కలిసిందో లేదో చూడటానికి వేణువు పనికిరాదు, మృదంగమో చప్పట్లో ఉన్నది పెట్టి రెండు గదుల మధ్య నిలబడాలి. ఒక స్పీకరు 2 మీటర్ల దూరంలో, ఇంకోటి 12 మీటర్ల దూరంలో ఉంటే ఎంత కలిపినా దూరంది 29 మిల్లీసెకన్లు ఆలస్యంగానే వస్తుంది. గాలిలో శబ్దం సెకనుకి 343 మీటర్లే పోతుంది, దానికి సెట్టింగు లేదు.

హాల్లో స్పీకరు చిన్నదిగా ఉందని దాన్ని పాత హోమ్ థియేటర్‌కి బ్లూటూత్‌లో తగిలించడం ఇంటాయన సొంత తెలివి. బ్లూటూత్ తన వంతుగా 100 నుంచి 250 మిల్లీసెకన్లు కలుపుతుంది, గ్రూపు కలిపినదంతా అక్కడ చెడుతుంది. స్పీకరుకి ఆడియో అవుట్ ఉంటే వైరు వాడాలి: ఒక కొస 3.5 ఎంఎం పిన్ను, రెండో కొస ఎరుపు తెలుపు పిన్నులు. దీనికోసమే పుట్టిన క్రోమ్‌కాస్ట్ ఆడియో అనే చిన్న బిళ్ల 2015లో వచ్చి, 2019లో అమ్మకాల్లోంచి పోయింది. వైరు కలిపాక గుయ్‌మని శబ్దం వస్తే సెట్‌టాప్ బాక్సు కేబుల్ ఒకసారి పీకి చూడాలి. ఆగితే అది గ్రౌండ్ లూప్ (ఎర్త్ రెండు దారుల్లో కలవడం వల్ల వచ్చే రొద), ఆడియో వైరు మధ్యలో ఐసొలేటర్ పెడితే పోతుంది.

వంటింటి స్పీకరు మైక్రోవేవ్ మీద పెట్టారు. అన్నం వేడిచేసినంతసేపూ పాట నత్తి. ఓవెనూ వైఫై 2.4 గిగాహెర్ట్జ్ దగ్గరే మసలుతాయి కాబట్టి స్పీకర్ని కాస్త దూరం జరపాలి, లేదా 5 గిగాహెర్ట్జ్‌కి కలపాలి. పేర్ల సంగతి ఇంకోటి. అసిస్టెంటుతో ఇంగ్లిష్‌లో మాట్లాడే ఇంట్లో స్పీకరుకి 'వంటగది' అని పేరు పెడితే పిలిచి పిలిచి గొంతు పోతుంది. 'కిచెన్' అంటే ఠక్కున పలుకుతుంది.

ఇక అసలు దెబ్బ. పాటల యాప్‌కి ఇంటిల్లిపాదికీ ఒకటే అకౌంటు, దాన్నే స్పీకర్లకీ కలిపారు. రాత్రి పదకొండున్నరకి హాస్టల్లో కొడుకు ఏదో ర్యాప్ పెట్టాడు. యాప్ 'కిచెన్' అనే పరికరాన్ని పట్టుకునే ఉంది. వాడికి హెడ్‌ఫోన్లలో ఏమీ వినిపించలేదు. వాల్యూమ్ పెంచాడు. అప్పటికీ వినిపించలేదు. 90 దాకా పెంచాడు.

"ఏమండీ, వంటింట్లో ఎవరో కొట్టుకుంటున్నారండీ" అంది ఆవిడ.

ఇంటాయన చీపురుకట్టతో వెళ్లి, సంగతి తెలిసి, "స్టాప్" అని అరిచాడు. పాట ఆగింది. వాల్యూమ్ మాత్రం 90లోనే ఉండిపోయింది. తెల్లవారుజామున 5 గంటలకి రొటీన్ (టైము చెప్పిపెడితే స్పీకరు తనంతట తనే చేసే పని) ప్రకారం సుప్రభాతం మొదలైంది. మూడు గదుల్లో మంద్రంగా, వంటింట్లో మూడంతస్తులకి సరిపడా. స్వామివారి సంగతి ఏమోగానీ అపార్టుమెంటు సెక్రటరీ లేచి వచ్చాడు. రొటీన్‌లో పాట కంటే ముందు 'వాల్యూమ్ 25' అని ఒక మెట్టు పెట్టాలి. అకౌంటు ఎవరిది వాళ్లకుండాలి, ఫ్యామిలీ ప్లాను ఉన్నది అందుకే.

అన్నీ సర్దుకున్న రాత్రి కరెంటు పోయి రెండింటికి వచ్చింది. కరెంటు రాగానే ఇలాంటి స్పీకర్లు చాలావరకు టింగ్‌మంటూ నిద్ర లేస్తాయి, ఆ టింగ్ ఆపే మీట అన్నిట్లో ఉండదు. రౌటర్నీ స్పీకర్లనీ ఇన్వర్టరు లైను మీదికి మార్చడం ఒకటే దారి, కొన్ని వాట్ల కంటే తినవు. అది ఇంకా చేయలేదు. నాలుగు గదుల్లో నాలుగు టింగులు మోగాయి.

"ఒరేయ్, ఎవరో బెల్లు కొడుతున్నారు, తలుపు తీయరా" అన్నారు అత్తగారు లోపల్నుంచి.

ఇంటాయన లుంగీ సర్దుకుంటూ వెళ్లి తీశాడు కూడాను.